ఏమీ లేదు సార్

సరిహద్దు చెక్‌పోస్టులో 22 ఏళ్లు ఉద్యోగం చేశాను. లారీ ఆగగానే నా నోట వచ్చే మొదటి మాట "ఏముందయ్యా లోపల?" డ్రైవరు నోట వచ్చే మొదటి మాట "ఏమీ లేదు సార్." ఆ రెండో మాటని ఎన్ని రాగాల్లో పాడతారో నాకు తెలిసినంతగా మా జిల్లాలో ఇంకెవరికీ తెలీదు. గొంతు ఓ మెట్టు పైకెక్కితే బిల్లులో రాసినదానికన్నా బస్తాలు ఎక్కువున్నట్టు. మరీ వినయంగా చేతులు కట్టుకుని అంటే అసలు బిల్లే లేనట్టు. చూపు పక్కకి తిప్పి అన్నాడంటే టార్పాలిన్ తాళ్లు విప్పించాల్సిందే. 2017 జులైలో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులు ఎత్తేశారు. మరుసటేడు నేనూ రిటైరయ్యాను. కుర్చీ పోయినా విద్య పోలేదని మాత్రం గర్వంగా ఉండేది.

అలాంటి నేను, మా అమ్మాయి పురిటికని అమెరికాలో దిగి, అక్కడి అధికారి "తినే పదార్థాలేమైనా తెచ్చారా?" అని అడగ్గానే, గొంతు ఓ మెట్టు పైకెక్కించి, చూపు పక్కకి తిప్పి, "నథింగ్ సార్" అన్నాను. చేతులు కట్టుకోలేదంతే. ఒక చేతిలో బూట్లున్నాయి కనక.

బూట్లు చేతిలోకి ఎందుకొచ్చాయో తర్వాత చెప్తాను. ముందు నోట్‌బుక్ సంగతి చెప్పాలి.

ప్రయాణానికి మూడు నెలల ముందే 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొని, అట్ట మీద "విదేశీయానం – విధినిషేధాలు" అని రాశాను. ఏ దేశంలోకి ఏం తీసుకెళ్లకూడదో, ఎందుకు కూడదో, నల్ల సిరాతో నియమం, ఎర్ర సిరాతో కారణం. సాయంత్రాలు అపార్ట్‌మెంట్ కింద సిమెంటు బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చదివి వినిపించేవాణ్ణి. సింగపూర్లో 1992 నుంచి చూయింగ్ గమ్ అమ్మడం, దిగుమతి చేయడం నిషేధమని చెప్తే పిల్లలు నోళ్లు తెరిచేవాళ్లు. మన కుర్మాలో వేసే గసగసాలు దుబాయిలో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయని, పొట్లం దొరికితే జైలేనని చెప్తే పెద్దలు తెరిచేవాళ్లు. పది రోజులకి బల్ల ఖాళీ అయింది. సెక్యూరిటీ గార్డు ఒక్కడు మిగిలాడు. అతనికి డ్యూటీ కాబట్టి.

మా ఆవిడది వేరే పద్ధతి. ఆవిడ నోట్‌బుక్ కొనలేదు. అమ్మాయికి ఫోన్ చేసి, ఒక్కో వస్తువు పేరూ చెప్పి, "ఇది తేవచ్చా?" అని అడిగి, పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. తెలుగులో పేరు, పక్కన తెలుగు లిపిలోనే ఇంగ్లీషు పేరు. మామిడికాయ పచ్చడి – మ్యాంగో పికిల్. సొంఠి – డ్రై జింజర్. సున్నుండలు – బ్లాక్ గ్రామ్ స్వీట్ బాల్స్. చూసి నవ్వాను. కస్టమ్స్ వాడికి చాకలి పద్దు చూపిస్తావా అన్నాను.

సర్దడం మొదలైంది. పాత పేపర్లు కొనేవాడి దగ్గర కొక్కెం త్రాసు అద్దెకి తెచ్చాను. పెట్టెకి 23 కిలోలు, మనిషికి రెండు పెట్టెలు. త్రాసు ఎత్తి పట్టుకునేది నేను, ముల్లు చూసేది మా ఆవిడ. ముల్లు 24 మీద ఆగితే ఎప్పుడూ నా చొక్కాలే బయటికొచ్చేవి. పురిటి సామాను ఒక్క గ్రాము తగ్గలేదు.

పురిటి సామానుతోనే మొదటి గొడవ. బాలింతకి సొంఠి, పిప్పళ్లు, కాయం, నువ్వులపొడి అన్నాక ఎండుకొబ్బరి లేకుండా ఎలా? రెండు కిలోల చిప్పలు తెచ్చి పెట్టెలో సర్దుతోంది. నేను నోట్‌బుక్ తీసి, "ఎండుకొబ్బరి విమానంలో ప్రమాదకర వస్తువు" అని చదివాను. మా ఆవిడ నన్నూ, కొబ్బరిచిప్పనీ మార్చి మార్చి చూసింది. "దేవుడికి కొడతాం, పచ్చడి చేస్తాం, ఇది పేలుతుందా?" అంది. పేలదు, కానీ అందులో నూనె ఎక్కువ. గాలాడకుండా పోగుపడితే తనకు తానే వేడెక్కి రాజుకునే గుణం ఉంది. విమాన రవాణా నిబంధనల్లో తనంతట తాను అంటుకునే సరుకుల జాబితాలో దానికో నంబరు కూడా ఉంది, 1363. మన దేశంలో 2022లో చెక్-ఇన్ సామానులోనూ పెట్టకూడదన్నారు. ఆ రోజు నేను గెలిచాను. 37 ఏళ్ల కాపురంలో నేను గెలిచిన తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కనక దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

గెలిచినవాడు ఊరుకోడు కదా. మర్నాడు పెట్టెలో తెల్లటి సన్న గింజల పొట్లం కనిపించింది. మా విమానం గల్ఫ్ మీదుగా. "గసగసాలు! మనిద్దరినీ ఎడారి జైల్లో వేయిస్తావా?" అని అరిచి, పొట్లం తీసుకెళ్లి బాత్రూములో పోసి నీళ్లు వదిలాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా అయ్యేదాకా చూసి, "అది బొంబాయిరవ్వ" అంది. దారిలో ఆకలేస్తే కలుపుకోవడానికి వేయించి పెట్టుకుందట. మరుగుదొడ్డిలో ఉప్మా ఉడకలేదు కానీ ఉబ్బింది. ప్లంబరు 600 తీసుకున్నాడు.

కరివేపాకు దగ్గర మాత్రం ఇద్దరం ఒక్క మాట మీదున్నాం. అది నిమ్మ, బత్తాయి కుటుంబానికి చెందిన చెట్టు. నారింజ తోటలకి గ్రీనింగ్ తెగులు అంటించే చిన్న పురుగు దాని మీద హాయిగా కాపురముంటుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడి తోటలకి తోటల్ని తినేసింది. ఒక్క రెమ్మతో ఏమవుతుందని మనం అనుకుంటాం. వాళ్లకి ఆ రెమ్మ మీది గుడ్లు కనిపిస్తాయి.

వసకొమ్ము కూడా ఆగిపోయింది. బిడ్డకి సానరాయి మీద అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయని మా అత్తగారి నమ్మకం. అమ్మాయి ఫోన్లోనే "వద్దమ్మా, ఇక్కడి పిల్లల డాక్టరు ఒప్పుకోరు" అంది. అమెరికాలో 1968 నుంచి దాన్ని ఆహారంలో వాడకూడదట. మా ఆవిడ పెట్టెలోంచి తీసేస్తూ, "పోనీలే, తాత పోలిక వస్తే వస లేకపోయినా వాగుతాడు" అంది. కాటుకదీ అదే గతి.

ఇక నా నేరం.

నాకు బీపీ. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాక మా ఆవిడ పచ్చడి జాడీలన్నీ పై అరలోకి ఎక్కించి, స్టూలు దాచేసింది. ఏడాదిన్నరగా ఇంట్లో ఆవకాయ వాసనే నాకు ఆవకాయ. ప్రయాణానికి వారం ముందు నా చిన్ననాటి స్నేహితుడి ఇంటికి వెళ్తే, వాళ్లావిడ, నాకు చెల్లెమ్మ వరస, "అన్నయ్యగారూ, అక్కడ నోరు చచ్చిపోతుంది, ఇది ఉంచుకోండి" అని అరకిలో నాటుకోడి పచ్చడి చేతిలో పెట్టింది. నూనె పైకి తేలి, ఎర్రగా, నిమ్మరసం వాసనతో. వద్దనాల్సింది. నా నోట్‌బుక్ 14వ పేజీలో, చెరిగిపోకుండా రెండుసార్లు దిద్ది, ఇలా రాసి ఉంది: "అమెరికా – మాంసం ఏ రూపంలోనూ కూడదు. ఎండబెట్టినా, వేయించినా, పచ్చడి పెట్టినా." పక్కన ఎర్ర సిరాతో కారణం: "కోళ్లకి కొక్కెర తెగులు, పశువులకి గాలికుంటు." అమెరికాలో గాలికుంటు చివరిసారి కనిపించింది 1929లో. మళ్లీ రానివ్వకూడదని వాళ్ల పట్టుదల. 2021లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో మన దేశం నుంచి వచ్చిన ఒక పెట్టెలో రెండు పిడకలు దొరికితే, అవీ ఈ గాలికుంటు భయంతోనే నాశనం చేశారు. ఈ పిడకల కథ బల్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పానో! "ఎంత తెలివితక్కువ మనుషులండీ" అని ముగించేవాణ్ణి.

ఆ కథ చెప్పిన సాయంత్రమే, మా ఆవిడ గుడికెళ్లిన సమయం చూసి, కోడి పచ్చడి మూడు కవర్లలో చుట్టి, రెండు సాక్సుల్లో దూర్చి, నా వాకింగ్ బూట్లలో కుడికాలి దాంట్లోకి తోశాను. కాయితాలు కుక్కి, లేసులు కట్టి, పెట్టె అడుగున పెట్టాను. లారీల్లో ఎక్కడెక్కడ దాస్తారో 22 ఏళ్లు చూసినవాణ్ణి. నన్నెవడు పట్టుకుంటాడు?

విమానం ఎక్కాక నా ఆరోగ్య సలహాలు మొదలయ్యాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదముందని, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలని, నీళ్లు తాగుతుండాలని, ముందు సీటాయనకీ వెనక సీటావిడకీ, టీ తెచ్చిన అమ్మాయికీ చెప్పాను. చెప్పి చెప్పి అలిసిపోయి నిద్రపోయాను. తొమ్మిది గంటలు. ముందు సీటాయన, వెనక సీటావిడ, మా ఆవిడ బుద్ధిగా తిరుగుతూనే ఉన్నారట, మా ఆవిడైతే నా మోకాళ్ల మీదుగా దాటుకుంటూ. లేచేసరికి నా పాదాలు పూరీల్లా పొంగాయి. బూట్లు ఎక్కలేదు. సాక్సులతోనే దిగాను, బూట్లు చేత్తో పట్టుకుని, గుడి మెట్ల దగ్గర భక్తుడిలా.

బీపీ మాత్ర వేసుకుందామంటే అదింకో కథ. చోటు కలిసొస్తుందని మాత్రలన్నీ అట్టల్లోంచి ఊడదీసి ఒక సీసాలో పోసి పెద్ద పెట్టెలో పడేశాను. పేరు లేదు, చీటీ లేదు, ఏది బీపీదో ఏది షుగరుదో నాకే తెలీదు. మందులు కంపెనీ అట్టలతో, డాక్టరు చీటీతో, చేతి సంచిలోనే ఉండాలని నోట్‌బుక్ 9వ పేజీలో ఉంది. మా ఆవిడ తన సంచిలోంచి అట్టతో సహా మాత్ర తీసి, నీళ్లసీసా మూత తిప్పి నా చేతికిచ్చింది. చీటీ నకలు కూడా ఉంది. "పారాసిటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారట, అది కూడా రాసుకున్నాను" అంది. నేను రాసుకోలేదు.

మొదటి కౌంటరు దగ్గర నేనన్న "నథింగ్ సార్" గురించి చెప్పాను కదా. దాంతో ఆగానా? అడక్కపోయినా, "ఓన్లీ సిక్స్ హండ్రెడ్ డాలర్స్ సార్" అని జేబు తట్టి చూపించాను. 10 వేల డాలర్లు దాటితేనే చెప్పాలి. చెప్పక్కర్లేనిది చెప్పడం, చెప్పాల్సింది దాచడం... ఇలాంటి డ్రైవరు కనిపిస్తే నేనైతే లారీ పక్కకి పెట్టించేవాణ్ణి. పక్కనుంచి మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "పచ్చళ్లున్నాయి కదండీ, చెప్పండి" అని గొణిగింది. "నువ్వూరుకో" అన్నాను.

పెట్టెలు తిరిగే చోటికి వచ్చాం. అక్కడ కనిపించింది అది. చెవులు వేలాడేసుకుని, ఒంటిమీద చిన్న కోటు తొడుక్కుని, తోక ఆడించుకుంటూ వస్తున్న బీగిల్ కుక్కపిల్ల. అంటే పిల్ల కాదు, ఉద్యోగి. అమెరికా విమానాశ్రయాల్లో 1984 నుంచి ఈ జాతి కుక్కలు పళ్లనీ, మాంసాన్నీ వాసన పట్టే పని చేస్తున్నాయి. ఇది నా నోట్‌బుక్‌లో లేదు, తర్వాత తెలుసుకున్నాను. అవి మొరగవు, కరవవు. అనుమానం వస్తే పక్కన కూర్చుంటాయి, అంతే.

మా బండి దగ్గరికి వచ్చింది. ఆవకాయ ఉన్న పెట్టెని ఒకసారి చూసి వదిలేసింది. సున్నుండల పెట్టెని అసలు పట్టించుకోలేదు. నా పెట్టె దగ్గర ఆగింది. ముక్కు తెచ్చి కుడి మూలకి ఆనించింది. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత నెమ్మదిగా కూర్చుని, తలెత్తి నా మొహంలోకి చూసింది. 22 ఏళ్లలో నేనే డ్రైవరునీ అంత ప్రేమగా చూడలేదు.

"పాపం, ఆకలేస్తోందేమో" అంది మా ఆవిడ.

పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ ఒక అధికారిణి, మా అమ్మాయి కన్నా రెండేళ్లు పెద్దదేమో, పెట్టె తెరవకముందే నెమ్మదిగా చెప్పింది: ఇప్పటికీ చెప్పొచ్చు, చెప్తే వస్తువు పోతుంది, అంతే, చెప్పకుండా దొరికితే జరిమానా. మొదటి తప్పుకి మామూలుగా 300 డాలర్లు, వెయ్యి దాకా వెళ్లొచ్చు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ సంచిలోంచి క్యాలెండరు కాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని, చదవడం మొదలుపెట్టింది. "మ్యాంగో పికిల్. గోంగూర పికిల్, గ్రీన్ లీఫ్. డ్రై జింజర్, ఫర్ మదర్. బ్లాక్ గ్రామ్ స్వీట్ బాల్స్." ఆ అధికారిణి ఒక్కోదానికీ తలూపుతోంది. చివర, "ఎల్లో రైస్, ఫర్ బ్లెస్సింగ్" అంది. అక్షింతలు. గుడిలో అర్చకులు ఇచ్చినవి, గుప్పెడు.

అధికారిణి అక్కడ ఆగింది. బియ్యం కుదరదట. మన దేశంలో గింజల్ని తినే ఖాప్రా పురుగు ఉంది, అందుకని మన బియ్యం ప్రయాణికుల సామానులో రాకూడదు, గుప్పెడైనా. మా ఆవిడ వాదించలేదు. పొట్లం కళ్లకద్దుకుని చేతికిచ్చేసింది. "పారేసేవాళ్ల చేతికైనా దీవెన తగులుతుందిలెండి" అని నాతో తెలుగులో అంది.

అప్పుడు అధికారిణి చివరి ప్రశ్న అడిగింది. మాంసం ఏమైనా ఉందా? చికెన్?

"నో, నో" అంది మా ఆవిడ, గట్టిగా, నిబ్బరంగా. "నో చికెన్. ఐ ప్యాక్డ్."

ఆవిడ అబద్ధమాడటం ఈ 37 ఏళ్లలో నేను చూళ్లేదు. ఆ క్షణాన కూడా ఆవిడ ఆడటం లేదు, ఆడించింది నేను. కుక్క ఇంకా నన్నే చూస్తోంది. నాకు బీపీ చెవుల్లో వినిపించింది.

"చికెన్. ఇన్ షూస్" అన్నాను.

అధికారిణి నా చేతిలోని బూట్ల వైపు చూసింది. చేతి తొడుగులు వేసుకుని అందుకుంది. లోపలికి లైటు వేసి చూసింది. నేను "నో, అదర్ షూస్, అదర్ షూస్" అంటూ సాక్సులతో గెంతుతున్నాను. తమ పెట్టెల కోసం ఎదురుచూస్తున్న మన తెలుగువాళ్లు ఓ పాతికమంది అటు తిరిగారు. వాళ్లలో సగం మంది మొహాల్లో వేళాకోళం ఉంది. మిగతా సగం మొహాల్లో ఏముందో నాకు బాగా తెలుసు. లారీ క్యూలో వెనక నిలబడ్డ డ్రైవర్ల మొహాలు అలాగే ఉండేవి.

అసలు బూటు బయటికొచ్చింది. లేసులు, కాయితాలు, సాక్సు, ఇంకో సాక్సు, కవరు, కవరు, కవరు. ఏ లారీలోనూ నేనంత పనితనం చూడలేదని చెప్పుకోవాలి. పచ్చడి నీలం డబ్బాలోకి పోయింది. ముందే ఒప్పుకున్నాం కనక జరిమానా వేయలేదు. ఆవకాయ, గోంగూర, సున్నుండలు తిరిగి మా ఆవిడ చేతికిచ్చి, కాగితం చూపించి "గుడ్ లిస్ట్" అంది. నాతో ఏమీ అనలేదు.

బయట అల్లుడు కారుతో ఉన్నాడు. "ఆలస్యమైందే మావయ్యగారూ, ఇబ్బందేమైనా పెట్టారా?" అన్నాడు. "ఏమీ లేదు బాబూ" అన్నాను. మళ్లీ అదే రాగం. గంటన్నర దారి. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఒక్క మాట లేదు. ఇల్లు చేరి, అమ్మాయిని చూసుకుని, స్నానాలయి, అందరూ పడుకున్నాక, చీకట్లో అడిగింది.

"నాటుకోడా, ఫారం కోడా?"

"నాటుకోడి."

చాలాసేపు మాట్లాడలేదు. "అయ్యో" అంది తర్వాత. కోడి పోయినందుకో, మొగుడి బుద్ధికో నేను అడగలేదు.

బారసాల నాటికి అల్లుడు తెచ్చిన అక్కడి బియ్యంలో పసుపు, నెయ్యి కలిపి అక్షింతలు చేశారు. బిడ్డ బాగానే ఉన్నాడు. ఆరోగ్య బీమా విషయంలోనూ నేను చేసిన ఘనకార్యం ఒకటి బయటపడింది. చవగ్గా ఉందని కొన్న పాలసీలో పాత జబ్బులకి, అంటే నా బీపీకి, పైసా రాదు. అల్లుడు చదివి, ఏమీ అనకుండా వేరేది తీసుకున్నాడు.

తిరిగొచ్చి నాలుగు నెలలైంది. ఆ వాకింగ్ బూట్లు రెండుసార్లు ఉతికినా, పొద్దున్నే రోడ్డెక్కితే మా వీధి కుక్కలు మూడు నా కుడికాలి వెంటే వస్తున్నాయి. నిన్న ఎదురు ఫ్లాటు దంపతులు మెల్‌బోర్న్ వెళ్తున్నామని, "మీకన్నీ తెలుసు కదండీ" అని వచ్చారు. ఆస్ట్రేలియా ఇంకా గట్టిది, విమానం దిగేముందే కార్డు మీద తిండి పదార్థాల గురించిన ప్రశ్నలకి అవునో కాదో గుర్తు పెట్టి సంతకం చేయాలి అని మొదలుపెట్టబోయి, ఆపేసి, నోట్‌బుక్ వాళ్ల చేతిలో పెట్టి, మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ పాత క్యాలెండరు కాగితం, పెన్ను తెచ్చి కూర్చుంది. ముందు ఆ ఇంటావిణ్ణి పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నేను ఊహించగలను, మీకూ అదే చెప్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే, పెట్టె మూసేముందు ఒకసారి ఆయన బూట్లు తీసి చూడండి. కుడికాలిది ముందు.